రాగి చుట్టలో 64 చోట్ల నిధి అని రాసుంటే ఒక్కటీ ఎందుకు దొరకలేదు?

ఇత్తడిబిందె
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకుంటూ పోవడమే తప్ప నోరు విప్పింది లేదు. వారం రోజులుగా బుర్రలో ఒకటే పురుగు తొలుస్తోంది, ఆగలేక రాస్తున్నా.

మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో తోలు మీదా పపైరస్ మీదా రాసిన పాత గ్రంథాలు దొరికాయని మీకందరికీ తెలిసే ఉంటుంది. 1952లో మూడో గుహలో దొరికిన ఒకటి మాత్రం రాగి రేకు మీద చెక్కి చుట్టినది, అదే రాగి చుట్ట. అందులో ప్రార్థన లేదు, నీతి లేదు. మొదటి నుంచి చివరి దాకా జాబితాయే. ఫలానా లోయలోని శిథిలంలో, తూర్పుకు దిగే మెట్ల కింద, 40 మూరల లెక్కన, వెండి పెట్టె, బరువు 17 టాలెంట్లు (టాలెంటు అంటే ఆ కాలపు తూకం). ఇదే వరసలో 64 చోట్లు.

నా అనుమానం ఇది. చేతికి పట్టీ రాసిచ్చినట్టు అంత వివరంగా ఉంటే, 70 ఏళ్లు దాటినా ఒక్క కాసు ఎందుకు బయటపడలేదు? అసలు ఉందా? ఉంటే ఎవరు తీసుకుపోయారు?

పగటికల
తీసుకుపోయినవాడు డప్పు కొట్టి మరీ చెప్తాడా బాసూ? దొరికే ఉంటుంది. నోరు మూసుకుని ఉంటారు.

పలుగూపార
బిందె గారూ, బాగా అడిగారు. తవ్వకాల్లో పన్నెండేళ్లు పనిచేశాను, ఎక్కువగా కొలతలు తీసి బొమ్మలు గీసే పని. కాబట్టి ఇలాంటివి చూస్తే చేతులు ఊరుకోవు. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

మీరు "అంత వివరంగా" అన్నారే, అక్కడే ఉంది తిరకాసు. నేను డబ్బు దాచి, నాకోసం ఒక ముక్క రాసుకుంటే "నూతి పక్కన, రెండో రాయి కింద" అని రాసుకుంటాను. ఎవరి నుయ్యి, ఏ ఊళ్లో అని రాసుకుంటానా? నాకు తెలుసు కదా. రాగి చుట్టలో ఉన్నవి అలాంటి గుర్తులే. ఆ మెట్లూ ఆ తొట్టెలూ ఆ సమాధులూ ఏవో అప్పటివాళ్లకి తెలుసు. ఇప్పుడు ఆ మెట్లే లేవు. పైగా కొన్ని మాటలు ఎలా చదవాలన్న దానిమీదే పండితులకి పొత్తు కుదరదు. ఒకరు "కాలువ" అని చదివిన చోట ఇంకొకరు మరోటి చదువుతారు.

అన్నట్టు దాన్ని విప్పిన కథే ఒక పెద్ద కథ. రెండు వేల ఏళ్లకి రాగి పూర్తిగా చిలుము పట్టి, ముట్టుకుంటే పెళుసుగా విరిగే స్థితికి వచ్చింది. చుట్టని చుట్టలా విప్పే దారి లేదు. 1953లో కూన్ అనే జర్మన్ పండితుడు, విప్పకుండానే, బయటివైపు ఉబ్బి కనిపిస్తున్న తిరగేసిన అక్షరాలు చూసి, ఇది దాచిన ధనం జాబితా అయి ఉంటుందని ఊహించాడు. చివరికి మాంచెస్టర్ తీసుకెళ్లి, 1955, 56లలో రైట్ బేకర్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ పైన జిగురు పట్టించి, సన్నటి గుండ్రటి రంపంతో నిలువునా కోశాడు. 23 ముక్కలయ్యాయి. ఒక్కో ముక్క పొడుగ్గా చీల్చిన వెదురుబద్దలా వంపు తిరిగి ఉంటుంది. ఇప్పుడు అమ్మాన్‌లోని జోర్డాన్ మ్యూజియంలో ఉన్నాయి. కూన్ ఊహ అక్షరాలా నిజమైంది.

ఇక దొరకలేదా అంటారా, వెతక్క కాదు. జాన్ అల్లెగ్రో అని, ఆ చుట్ట కోయించడంలో చొరవ చూపినాయనే, 1960లో తన అనువాదం అచ్చేసి, మందిని వెంటేసుకుని వెళ్లి తవ్వించాడు కూడా. ఏమీ దొరకలేదు.

లెక్కలమాస్టారు
పలుగూపార గారు చెప్పినదానికి నాదో చిన్న కూడిక. చుట్టలోని వెండి బంగారాలు కలిపితే 4,000 టాలెంట్లు దాటుతుంది. టాలెంటు ఎంత అనేది కాలాన్ని బట్టి మారుతుంది. పోనీ తక్కువలో తక్కువ 20 కిలోలు అనుకున్నా 80 టన్నులు! అధికారికంగా ఆ చుట్టని ప్రచురించిన మిలిక్ అందుకే ఇది జానపదుల కట్టుకథ అన్నాడు.

నాకు మాత్రం ఆ మాట మింగుడు పడదు. కథలు చెప్పేవాడు ఇంత చప్పగా చెప్తాడా? రాజు లేడు, రాక్షసుడు లేడు, కాపలా పాము లేదు. "ఇన్ని మూరలు తవ్వు, ఇంత ఉంది." ఇది గుమాస్తా రాత. పైగా దాదాపు స్వచ్ఛమైన రాగి రేకు మీద సుత్తీ ఉలీ పట్టుకుని ఒక్కో అక్షరం కొట్టాలంటే ఎంత పని! కట్టుకథకి అంత ఖర్చు పెడతారా?

కంచుగంట
మీరంతా లెక్కలు చూస్తున్నారు గానీ, శాపం సంగతి మర్చిపోతున్నారు. ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధి తెరిచినవాళ్లు ఏమయ్యారో చూశాం కదా. నిధి జోలికి వెళ్తే ఊరికే పోదు.

లెక్కలమాస్టారు
కంచుగంట గారూ, ఏమయ్యారో నిజంగానే చూశారు ఒకాయన. సమాధి బయటపడింది 1922 నవంబరులో. డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో పోయాడు. దోమ కుట్టిన చోట గీత పడి విషమెక్కింది, పత్రికలు దాన్ని పండగ చేసుకున్నాయి. కానీ లోపలికి మొదట తొంగి చూసిన హోవర్డ్ కార్టర్ 1939 దాకా బతికాడు. శాపం పెట్టినవాడు ముందు పట్టుకోవాల్సింది ఆయన్నే కదా!

2002లో మార్క్ నెల్సన్ అనే పరిశోధకుడు ఆ రోజుల్లో ఈజిప్టులో ఉన్న 44 మంది పాశ్చాత్యుల జాబితా తీసి, సమాధి తెరిచిన సందర్భాల్లో అక్కడున్న 25 మందిని విడగొట్టి, ఎవరు ఎన్నేళ్లు బతికారో లెక్క కట్టి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశాడు. ఆ 25 మంది పోయిన సగటు వయసు 70. శాపం అని చెప్పదగ్గ తేడా ఏదీ తేలలేదు.

కంచుగంట
సరే మాస్టారూ, ఒప్పుకున్నా. కానీ కథలో శాపం లేకపోతే ఉప్పు లేనట్టుంటుంది 🙂

గోడమీదపిల్లి
నాకు ఇంకో డౌటు. దాచినవాడు తెలివి తక్కువవాడు కాదు కదా, మళ్లీ వచ్చి తీసుకోడా? నిధులు ఇన్ని భూమిలో ఉండిపోవడం ఏమిటి?

నాణేలపిచ్చి
పిల్లి గారూ, చాలామంది వచ్చి తీసుకునే ఉంటారు. తీసుకున్నవి మనకి దొరకవు, అంతే. తీసుకోవడం కూడా ఎంత చిక్కో శామ్యూల్ పీప్స్ డైరీలో ఉంది, నాకు చాలా ఇష్టమైన ఘట్టం.

1667 జూన్‌లో డచ్చి నౌకలు మెడ్వే నదిలోకి చొరబడ్డాయి. లండన్ హడలిపోయింది. పీప్స్ నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగి, దగ్గర బంగారం ఉంది. 1,300 పౌండ్ల విలువైన బంగారం సంచిలో పెట్టి భార్యనీ తండ్రినీ ఊరికి పంపాడు, పాతిపెట్టమని. వాళ్లేం చేశారు? ఆదివారం పట్టపగలు, అందరూ చర్చిలో ఉన్నారు కదా అని, నలుగురికీ కనబడే తోటలో పాతారు. సంగతి తెలిసి పీప్స్ తల బాదుకున్నాడు.

అక్టోబరులో తనే వెళ్లాడు. చీకట్లో, వెలుతురు బయటికి పడకుండా మూత ఉన్న లాంతరుతో. ముగ్గురూ ఉన్నారు, పాతినవాళ్లే పక్కన ఉన్నారు, నాలుగు నెలలే అయింది. అయినా చోటు గుర్తు లేదు! ఇనుప ఊచతో నేలని పొడుచుకుంటూ పోతే చివరికి తగిలింది. అదీ అర అడుగు లోతు కూడా లేదు. సంచులు తేమకి కుళ్లిపోయి, నాణేలు మట్టిలో చెల్లాచెదురు. బకెట్లతో మట్టి ఎత్తి, కడిగి, తెల్లారాక జల్లెడ పట్టి ఏరుకున్నాడు. చివరికి ఓ 20, 30 నాణేలు తక్కువ వచ్చాయి. పోతే పోయాయిలే అనుకుని సరిపెట్టుకున్నాడు.

పాతిన మనిషి బతికుండి, నాలుగు నెలల్లో వస్తేనే ఇదీ పరిస్థితి. పాతినవాడు యుద్ధంలో పోతే? కొడుకుకి చెప్పకుండా పోతే?

లెక్కలమాస్టారు
ఇది చరిత్రకారులు లెక్కగానే వాడతారు. 2009లో టర్చిన్, షైడెల్ అనే ఇద్దరు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు ఇటలీలో ఏ దశాబ్దంలో ఎన్ని నాణేల పాతర్లు మిగిలిపోయాయో చూసి, అంతర్యుద్ధాల కాలంలో జనాభా తగ్గిందని వాదించారు. నేలలో మిగిలిన ప్రతి కుండా ఇంటికి తిరిగిరాని మనిషి లెక్క.

ఇత్తడిబిందె
మాస్టారూ, ఆ చివరి వాక్యం చదివి కాసేపు అలా ఉండిపోయాను. నేను ఎంతసేపూ బంగారం వైపే చూస్తున్నాను.

నాణేలపిచ్చి
అయితే హాక్స్‌న్ నిధి గురించి చెప్పాల్సిందే. 1992 నవంబరు 16. ఇంగ్లండులో సఫోక్ అనే చోట ఒక రైతు సుత్తి పొలంలో ఎక్కడో జారిపోయింది. స్నేహితుడు ఎరిక్ లాస్ దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. సుత్తి వెతుకుదామని వెళ్లాడు. డిటెక్టర్ కూత పెట్టింది. తవ్వితే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు!

ఇక్కడ ఆయన చేసిన పనికి దండం పెట్టాలి. కొంత తీశాక, ఇది తన చేతిమీదుగా తీసే వ్యవహారం కాదని ఆగిపోయాడు. కబురు పంపాడు. మర్నాడు పురావస్తువాళ్లు వచ్చి మిగతాది పద్ధతిగా తీశారు. దాదాపు 15,000 నాణేలు, 200 దాకా వెండి సామాను, నగలు. తర్వాత 17.5 లక్షల పౌండ్ల బహుమతి వచ్చింది. రైతుతో పంచుకున్నాడు.

ఆగినందువల్ల ఏం తెలిసిందో చూడండి. పెట్టె చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయినా, మేకులూ బందులూ ఉన్నచోటే ఉండటంతో పెట్టె కొలత తెలిసింది, 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. లోపల ఇంకా చిన్న పెట్టెలు, వాటికి బుల్లి వెండి తాళాలు. గిన్నెల మధ్య గడ్డి పరిచి సర్దారు. మనం ఇల్లు మారేటప్పుడు గాజు సామాను సర్దినట్టే! ఎవరో తీరిగ్గా కూర్చుని, మళ్లీ వాడుకుంటాం కదా అని జాగ్రత్తగా సర్దారు. ఒక బంగారు కంకణం మీద చిల్లులతో అక్షరాలు: యులియానె అమ్మగారూ, దీన్ని సంతోషంగా ధరించండి అని. చెంచాల మీద అరేలియస్ ఉర్సిసినస్ అని పేరు. నాణేల్లో చివరివి 407, 408 నాటివి, రోమన్ పాలన ఆ దీవిలో కూలిపోతున్న రోజులు. యులియానె గానీ ఉర్సిసినస్ గానీ వెనక్కి రాలేదు.

పగటికల
అదంతా సరే. సుత్తి దొరికిందా?

నాణేలపిచ్చి
నిధి గురించి ఇంత చెప్తే సుత్తి అడుగుతావేంటయ్యా!

గోడమీదపిల్లి
నాణేల్లో చివరివి ఎప్పటివో చూసి ఎప్పుడు పాతారో చెప్పేస్తారా? ఆ తర్వాత పాతి ఉండొచ్చు కదా.

పలుగూపార
ఉండొచ్చు. చివరి నాణెం చెప్పేది "దీనికి ముందు కాదు" అని మాత్రమే. హాక్స్‌న్‌లో చాలా వెండి నాణేల అంచులు కత్తిరించి ఉన్నాయి. కొత్త నాణేలు రాని కాలంలో జనం అంచులు గీరుకుని వెండి పోగేశారన్నమాట. కాబట్టి 408 తర్వాత కొన్నేళ్లు చేతులు మారి ఉంటాయి. చూశారా, నాణెం అంచు కూడా మాట్లాడుతుంది.

ఇంకోటి చెప్తాను, ఇది నా వృత్తి అభిమానం అనుకోండి. 2010లో ఇంగ్లండులోనే ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయనకి ఒకే కుండలో 52,503 రోమన్ నాణేలు దొరికాయి. 160 కిలోల బరువు. ఈయన కూడా కుండ అంచు కనబడగానే ఆపేశాడు. పురావస్తువాళ్లకి రెండు దారులు. కుండని మొత్తంగా లేపి తీసుకుపోవచ్చు, లేదా గుంటలోనే పొరలు పొరలుగా ఖాళీ చేయొచ్చు. కుండ పగిలి ఉంది, ఎత్తితే చిందరవందర అవుతుంది. గుంటలోనే కూర్చుని, ఒక్కో పొర నాణేలు ఒక్కో సంచిలో వేసి, ఏది ఎంత లోతులోదో రాసుకున్నారు. ఈ పని చేస్తే నడుము విరుగుతుంది, నాకు తెలుసు.

ఫలితం వినండి. కుండలో చివరి కాలం నాణేలు కరౌసియస్ అనే చక్రవర్తివి. ఏళ్ల తరబడి హుండీలో వేసినట్టు పోగేస్తూ వచ్చుంటే కొత్తవి పైన ఉండాలి కదా? ఎక్కువ భాగం సగం కన్నా లోతులో ఉన్నాయి! అంటే అంతా ఒక్కసారే పోశారు. పైగా ఆ కుండ గోడలు పల్చన, నింపాక మోసుకొచ్చే ప్రశ్నే లేదు. ముందు గుంటలో కుండ పెట్టి, తర్వాత సంచులు తెచ్చి ఒంపారు. అందుకని నాణేల నిపుణుడు శామ్ మూర్‌హెడ్, ఇది భయపడి దాచుకున్నది కాకపోవచ్చు, ఊరంతా కలిసి దేవతకి అర్పించినది కావచ్చు అన్నాడు. మళ్లీ తీసుకునే ఉద్దేశమే లేకుండా.

ఒక రాత్రిపూట బస్తాలోకి ఎత్తుకుపోయి ఉంటే 52,503 నాణేలూ ఉండేవి, ఈ ముక్క ఒక్కటి ఉండేది కాదు.

పగటికల
అన్నా, మీ ఆవేశం అర్థమైంది గానీ, దొరికినవాడి వైపు నుంచి కూడా చూడండి. కష్టపడి తవ్వినవాడికి చిల్లర, మ్యూజియానికి నిధి. అక్కడ నేలమాళిగలో బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఎవరికి ఉపయోగం?

పలుగూపార
చట్టం బాగున్న చోట చిల్లర ఏమీ కాదు. పైన 17.5 లక్షలు చూశావు కదా. ఇంగ్లండులో 1996 చట్టం ప్రకారం దొరికిన 14 రోజుల్లో చెప్పాలి. మ్యూజియం తీసుకుంటే మార్కెట్ ధర కట్టి, దొరికినవాడికీ నేల ఆసామికీ పంచుతారు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూడు. 2015లో లెమ్‌స్టర్ దగ్గర ఇద్దరికి వైకింగ్ కాలపు పాతర దొరికింది. మూడు వందల దాకా నాణేలు, నగలు. నోరు మూసుకుని అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఫోనులోంచి తుడిచేసిన ఫొటోలని పోలీసులు వెనక్కి తెచ్చారు. 2019లో జైలు. మొదట పడిన శిక్ష ఒకతనికి 10 ఏళ్లు. అప్పటికి చేతికందిన నాణేలు ఓ ముప్పై మాత్రమే.

వాటి మీద ఏముందో తెలుసా? ఇద్దరు రాజులు పక్కపక్కన కూర్చున్న బొమ్మ. వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు కెయోల్‌వుల్ఫ్, ఇద్దరి పేరునా ఆ బొమ్మతో నాణేలున్నాయి. తర్వాత ఆల్ఫ్రెడ్ వైపువాళ్లు రాసుకున్న చరిత్రలో కెయోల్‌వుల్ఫ్‌ని "తెలివిలేని పాలేరు" అన్నంత చులకన చేశారు. నాణేలేమో ఇద్దరూ సమానం అంటున్నాయి! గెలిచినవాడు చరిత్రలోంచి కొట్టేసిన మనిషి నాణెం మీద బతికున్నాడు. మిగతా నాణేలు ఎవరి సొరుగులో ఉన్నాయో.

కంచుగంట
నెబ్రా చక్రం దొంగలు కూడా ఇంతే కదా?

నాణేలపిచ్చి
ఆహా, వాళ్లది ఇంకా తమాషా. 1999లో జర్మనీలో ఇద్దరు దొంగచాటుగా తవ్వుతూ, ఆకాశం బొమ్మ ఉన్న కంచు చక్రాన్ని పారతో గట్టిగా గీరేశారు. సూర్యుడో పౌర్ణమి చంద్రుడో అనే బంగారు బిళ్లలో కొంత ఊడిపోయింది. దాని విలువ తెలియక మర్నాడే 31,000 మార్కులకి అమ్మేశారు, పక్కన దొరికిన కత్తులూ గొడ్డళ్లతో సహా. అది దాదాపు 3,600 ఏళ్ల కింద భూమిలో పెట్టిన వస్తువు, కృత్తికల్లాంటి ఏడు చుక్కలతో. 2002లో బాసెల్‌లో మ్యూజియం అధికారి హారాల్డ్ మెల్లర్ కొనేవాడిలా నటించి పోలీసులతో పట్టించాడు. దొంగలు శిక్ష ఎక్కువైందని అప్పీలుకి వెళ్తే పై కోర్టు ఇంకాస్త పెంచింది 😄

పగటికల
సరే, దొంగలు దొంగలే. మరి మ్యూజియాలు సత్యహరిశ్చంద్రులా? ట్రాయ్ నగరాన్ని తవ్విన జర్మన్ ష్లీమాన్ 1873లో అక్కడ దొరికింది మొత్తం టర్కీ నుంచి దొంగతనంగా దాటించాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం లిడియా నిధిని దొంగల సరుకే కొని ఏళ్లపాటు దాచింది. టర్కీ 1987లో కేసు వేసి, 1993లో వెనక్కి తెచ్చుకుంది. దీనికేమంటారు?

పలుగూపార
ఏమీ అనను, నిజమే. ఇంకా చెప్పాలంటే నువ్వు సగమే చెప్పావు. వెనక్కొచ్చిన ఆ లిడియా నిధిలోంచి రెక్కల సముద్రపు గుర్రం బ్రోచి ఒకటి ఉషాక్ మ్యూజియంలోనే మాయమైంది, దాని స్థానంలో నకిలీ పెట్టారు. 2006లో బయటపడింది. మ్యూజియం డైరెక్టరే జైలుకెళ్లాడు. కంచే చేను మేసింది. కాబట్టి తెల్ల కోటు వేసుకున్నవాళ్లంతా మంచివాళ్లని నేను అనడం లేదు. రాసిపెట్టుకోండి అంటున్నాను, అంతే. ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన. ఆ రాత ఉంటే వస్తువు ఎవరి చేతిలో ఉన్నా కథ నిలుస్తుంది.

ష్లీమాన్ సంగతే చూడు. తను తవ్విన బంగారం హోమర్ కావ్యంలోని ట్రాయ్ రాజు ప్రియాముడిదే అన్నాడు. భార్య శాలువాలో మూటగట్టి తెచ్చిందన్నాడు. ఆవిడ ఆ సమయంలో ఏథెన్స్‌లో ఉంది! బంగారం ఉన్న పొర కూడా ట్రాయ్ యుద్ధం అనుకునే కాలానికి వెయ్యేళ్లకి పైగా పాతది. తొందరలో తవ్వుకుంటూ పోయి, తను వెతుకుతున్న కాలపు పొరల్నే చాలావరకు చెక్కేసి అవతల పారేశాడు.

పగటికల
ఇది నాకు కొత్త. వెతికేదాన్నే పారేయడం అంటే మరీ ఘోరం.

గోడమీదపిల్లి
ఇంత చర్చ జరుగుతుంటే నా సంగతి దాచడం ఎందుకు. నవ్వుకోండి, పర్లేదు.

ఆరేళ్ల కింద నేనొక "లాంగ్ రేంజ్ గోల్డ్ లొకేటర్" కొన్నా. అమ్మినవాడి పేరు చెప్పను. తుపాకీ పిడిలాంటి పిడి, ముందు అటూ ఇటూ ఊగే పొడుగాటి యాంటెనా. వంద మీటర్ల అవతల బంగారం ఉన్నా అటు తిరుగుతుందట. నిజంగానే తిరిగేది! ఒకసారి నా ఉంగరం గదిలో దాచి, తెలిసీ వెతికితే పదికి పదిసార్లు చూపించింది. మా అక్క దాచి నన్ను వెతకమంది. ఎనిమిదిసార్లలో ఒక్కసారి కూడా కుదరలేదు. "పిల్లిగారి యంత్రానికి పిల్లికి తెలిసిందే తెలుసు" అంది. ఒళ్లు మండి స్క్రూలు విప్పి చూశా. బ్యాటరీ లేదు, తీగ లేదు. పిడి లోపల బరువు కోసం సీసం ముక్క, ఒక ప్లాస్టిక్ కార్డు. యాంటెనా గుంట మాత్రం గ్రీజు రాసి నున్నగా ఉంది.

లెక్కలమాస్టారు
నవ్వేదేం లేదు పిల్లి గారూ. ఏడీఈ 651 అని అచ్చం ఇలాంటి యంత్రాన్నే బాంబులు పట్టేస్తుందని ఇరాక్ ప్రభుత్వానికే అమ్మారు. కోట్ల డాలర్లు పోశారు, చెక్‌పోస్టుల దగ్గర దాన్నే నమ్ముకున్నారు. దాని మూలం గోల్ఫ్ బంతులు వెతికే ఆటబొమ్మ. అమ్మినవాడికి 2013లో బ్రిటన్‌లో 10 ఏళ్లు పడింది. చెయ్యి తెలియకుండానే కాస్త వాలుతుంది, తేలిగ్గా ఊగే యాంటెనా దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. మీ అక్కగారు చేసిన పరీక్షే అసలైన పరీక్ష.

నిజమైన డిటెక్టర్ తన తీగ చుట్టలోంచి అయస్కాంత క్షేత్రం పంపి, లోహంలో పుట్టిన కరెంటుని వింటుంది. ఒక్క నాణెమైతే జానెడు, కాస్త అటూ ఇటూ. వంద మీటర్లంటే ఇంక అంజనమే.

నిర్వాహకుడు
ఇప్పుడే ఒక పోస్టు తీసేశాం. "రాత్రిపూట తవ్వడానికి మనుషులు కావాలి, వాటా ఇస్తాం" అని ఫోన్ నంబరుతో సహా పెట్టారు. ఇలాంటివి పెడితే ఖాతా మూసేస్తాం. చర్చ కొనసాగించండి.

కంచుగంట
అమ్మో! వాటా ఎంతో చదివే లోపే తీసేశారే 😄 సరదాకి అన్నా. ఓక్ ఐలండ్ గుంట సంగతి ఎవరూ ఎత్తలేదేం?

నాణేలపిచ్చి
కెనడాలోని ఆ దీవిలో నిధి ఉందని 1795 నుంచి తవ్వుతున్నారు. ఆరుగురు చనిపోయారు, అందులో నలుగురు 1965లో ఒకే రోజు, గుంటలో విషవాయువుకి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, ఇక్కడ ఎలుక కూడా లేదు. నాకు దాని మీద ఆసక్తి లేదు, క్షమించాలి.

పలుగూపార
నాకూ లేదు. దానికన్నా ఆంటికితేరా యంత్రం వెయ్యి రెట్లు. 1901లో గ్రీసు దగ్గర మునిగిన ఓడలోంచి పాలరాతి విగ్రహాలతో పాటు చిలుము పట్టిన కంచు ముద్ద ఒకటి వచ్చింది. విగ్రహాలకి దండం పెట్టి దాన్ని పక్కన పడేశారు. మరుసటి ఏడు ఎవరో అందులో పళ్ల చక్రం గమనించారు. ఇప్పుడు 82 ముక్కలు. ఎక్స్‌రేతో చూస్తే 30 చక్రాలు, గ్రహణాలు ఎప్పుడొస్తాయో చెప్పే గడియారం, రెండు వేల ఏళ్ల కిందటిది! ఏ నిధి వేటగాడైనా దాన్ని తీసి మళ్లీ సముద్రంలోకి విసిరేసేవాడు.

ఇత్తడిబిందె
నా మొదటి ప్రశ్నకి మళ్లీ వస్తున్నా, విసుక్కోకండి. రాగి చుట్ట చివరి పద్దు నిన్న రాత్రి మళ్లీ చదివా. ఇదే పత్రానికి ఇంకో ప్రతి ఉందనీ, వివరణా కొలతలూ అందులో ఉన్నాయనీ ఉంది. అంటే మన దగ్గర ఉన్నది సగమేనా?

పలుగూపార
అవును. ఇందాక చెప్పాను కదా, తెలిసినవాడికే పనికొచ్చే రాత అని. వివరం ఇంకో ప్రతిలో ఉంది, ఆ ప్రతి ఇంకోచోట పాతి ఉంది. చుట్టలో కొన్ని పద్దుల చివర ఊరికే రెండు మూడు గ్రీకు అక్షరాలు కూడా ఉంటాయి, అవేమిటో ఇప్పటికీ తేలలేదు. గుమాస్తా పని పక్కాగా చేశాడు. ఒక కాగితం పోయినా నిధి దొంగల పాలు కాకూడదని రెండుగా విడగొట్టి ఉంటాడు. మధ్యలో రెండూ తెలిసిన మనిషే పోయాడు.

ఇత్తడిబిందె
ఇన్నాళ్లూ చుట్ట చూసి 80 టన్నులు ఎక్కడ అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఉలి పట్టుకుని కూర్చున్నవాడు ఎవరా అని ఉంది. చప్పుడు బయటికి వినబడకుండా ఎలా కొట్టాడో.

లెక్కలమాస్టారు
గుడ్డ అడ్డం పెట్టి కొట్టి ఉంటాడు. నేనైతే అదే చేస్తా.

పగటికల
అన్నీ అయ్యాయి కదా. ఇప్పుడైనా చెప్పండి నాణేల అన్నా, సుత్తి దొరికిందా లేదా? రెండు రోజులుగా నిద్ర లేదు.

నాణేలపిచ్చి
దొరికిందయ్యా బాబూ. రైతు దాన్ని బ్రిటిష్ మ్యూజియంకే ఇచ్చేశాడు. యులియానె కంకణం ఉన్న మ్యూజియంలోనే అదీ ఉంది.